చెవితమ్మెలు

దామలచెరువు హైస్కూలు, పదో తరగతి, బి సెక్షను.
ప్రత్యుత్పత్తి పాఠం ‘ఇంట్లో చదువుకోండి’ అని దాటేసి
అనువంశికతకు వచ్చాను,
పుస్తకంలో అన్నిటికన్నా నలిగిన పేజీలు
అవేనని తెలిసీ.

డిసెంబరు. మామిడి మండీ ఖాళీ.
తోటల్లో పూతకు మందుకొట్టే మోటార్ల మోత.
పసుపు బఠానీ, పచ్చ బఠానీ,
నల్లబల్ల మీద నాలుగు గళ్ళు.
మూడుకొకటి, మూడుకొకటి అని వల్లె వేయించాను.

ఇంటిపని ఇదీ:
అమ్మ చెవులు, నాన్న చెవులు చూసి రండి.
తమ్మె వేలాడుతోందా, చెంపకు అతుక్కుందా?
వేలాడేది బహిర్గతం, అతుక్కున్నది అంతర్గతం.
ఇరవై రెండేళ్ళుగా ఇస్తున్న పనే.
ఒకరి చెవులొకరు లాక్కుని నవ్వుకుంటారు.
ఆ ఒక్కరోజూ
నా సబ్జెక్టంటే వాళ్ళకు ఇష్టం.

మర్నాడు హేమావతి కాగితం.
నాయన: అతుక్కుంది.
అమ్మ: అతుక్కుంది.
నేను:
అక్కడ రాసి, చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపి
కాగితం చిల్లుపడింది.
చిల్లులోంచి నా వేలిగోరు కనబడింది.

తలెత్తాను.
మూడో బెంచీలో, కుట్టిన చెవులకు వేపపుల్లలు,
వాటి కింద
నిండుగా వేలాడే రెండు తమ్మెలు.

వెనకనుంచి యుగంధర్ లేచాడు.
“మేడం, అట్లయితే గళ్ళల్లో రాదు గదా?”
లెక్క సరిగ్గానే చేశాడు.
భేష్ అనాలి నేను.
“కూర్చో” అన్నాను.

ఆ రాత్రి పాత పుస్తకాలూ కొత్తవీ తిరగేశాను.
చెవితమ్మె ఒక్క జన్యువు మాట వినదట.
చాలా జన్యువులు తలా ఒక చెయ్యి వేస్తాయట.
వేలాడ్డానికీ అతుక్కోడానికీ నడుమ
ఎన్నెన్నో చెవులట.
ఇరవై రెండేళ్ళు
ఈ ఊరి పిల్లలకు రెండే చెవులు చెప్పాను.

పొద్దున్నే గళ్ళు తుడిచేసి
“నిన్న నేను చెప్పింది తప్పు” అన్నాను.
ఎవరూ నవ్వలేదు.
యుగంధర్ నోటుబుక్కులో పేజీకి అడ్డంగా గీత కొట్టాడు.
హేమావతి కిటికీలోంచి
మోటారు పొగని చూస్తూ కూర్చుంది.

శనివారం ఒంటిపూట బడి.
గంగులప్ప వచ్చాడు, నర్సరీలో అంటుకట్టే మనిషి.
గోళ్ళ సందుల్లో ఎండిన జిగురు,
చేతిలో తడిగోనె చుట్టిన మొక్క.
“పాప అడిగింది మేడం. చెప్పేసినాము.
చిత్తూరు శిశుగృహలో తెచ్చుకున్న బిడ్డ,
మూడు నెల్లప్పుడు.
పదో తరగతి అయినాక చెబుదామని వాళ్ళమ్మ,
పెండ్లినాటికి చూద్దామని నేను.
మీ పాఠం ముందొచ్చె.”

క్షమించమనబోయాను.
ఆయన మొక్క కాండం నా వైపు తిప్పాడు.
“నాటు టెంక మీద బెంగుళూరా.
ఆగస్టులో కడితి.
అతుక్కున్నాక పట్టీ ఇప్పేయాల.
మరిచినామంటే
ఇదిగో, ఇట్ల మెడ పిసికేస్తాది.”
చుట్టూరా సన్నటి నొక్కు.
దాని మీద బొటనవేలు పెట్టి
కాసేపు అట్నే నిలబడ్డాడు.
“బతుకుతాది లెండి” అన్నాడు
ఎవరితోనో.

బోరు పంపు పక్కన నాటాము.
గుంట తీసింది యుగంధర్. రాళ్ళ నేల,
వాడి అరచేతులు బొబ్బలెక్కాయి.
హేమావతి నీళ్ళు పోసింది.
ఇద్దరూ మాట్లాడుకున్నట్టు లేదు.

ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతున్నాను.
అంటుకట్టే విధానం వివరించుము. నాలుగు మార్కులు.
నేను చెప్పకుండా దాటేసిన పాఠంలోది.
అందరివీ గైడు వాక్యాలే.
ఒక్క పేపర్లో మాత్రం,
ఏటవాలుగా కోసి, రెండు కోతలూ కలిపి, గట్టిగా కట్టి,
అంతా అయ్యాక చివర్న
ఏ పుస్తకంలోంచీ ఎత్తని ఒక ముక్క:
రెండు నెలలకు పట్టీ ఇప్పడం మరవకూడదు.

పేరు చూడలేదు.
నాలుగున్నర వేసి,
కొట్టేసి,
నాలుగు వేశాను.