వెలుతురు పరీక్ష

పతెంగా డిపోలో
నలభై అడుగుల కంటెయినర్‌లోకి
మొర్జినా ఒక్కతే వెళుతుంది.
బయట గడియ పడుతుంది.

చీకట్లో నిలబడి
వెలుతురు దొంగను పట్టుకోవడం ఆమె పని.
సూదిమొనంత చిల్లున్నా చాలు,
సముద్రం దారి కనుక్కుంటుంది.
హాంబర్గ్‌లో తలుపు తీసేసరికి
పదకొండు వేల ఉన్ని కోట్లు
బూజు కంపు.

అదిగో, ఓ మూల, మోకాలెత్తున.
సుద్దముక్కతో చుట్టూ సున్నా గీసింది.

"అయిందా?" సొలేమాన్ రేకు మీద బాదాడు.
"ఇంకా చూస్తున్నా."

చూడ్డానికింకేం లేదు.
ఎనిమిదిమంది సర్దుకునే అద్దెగదిలో
ఎన్నడూ దొరకని చీకటి ఇది.
చెమటకి జాకెట్టు వీపుకంటుకుంది.
ఎవరి చలికో కుట్టిన కోట్లు
బయట లారీలో ఉడుకుతున్నాయి.

ఉడకనీ.
కూలబడింది.
ఆ చిల్లు మీద వేలు పెట్టింది.

ఇప్పుడు పూర్తిగా రాత్రి.