ఒక్క మెతుకు

నారాయణగూడలో జిరాక్స్ షాపు మీద రెండో అంతస్తు.
ప్రతి నెలా రెండో తారీఖు పదకొండింటికి
ఇరవైమూడు మందుల షాపుల లెక్కలు
నా బల్ల మీదికి వస్తాయి.
తగ్గినవాటికి ఎరుపు, పెరిగినవాటికి పచ్చ.
ఇంతకన్నా చదవాల్సిందేముందనుకునేవాణ్ణి.

ఆ మార్చిలో యాకుత్‌పురా ఎర్రగా వచ్చింది.
ఏప్రిల్లోనూ ఎర్రగానే.
ఇఫ్తెఖార్‌ని పిలిపించాను.
పదకొండేళ్ళుగా ఆ కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి,
షుగర్ బిళ్ళలు ఎవరింట్లో ఎప్పుడు అయిపోతాయో
చీటీ చూడకుండా చెప్పగలవాడు.
ఎందుకు తగ్గింది?
కాసేపు తన చేతులు చూసుకున్నాడు.
"హోతా సాబ్, కభీ కభీ."

అది జవాబనిపించలేదు నాకు.
కారణం చెప్పలేనివాడికి పని తెలియదనుకున్నాను.
అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి
ఒక్క మెతుకు చాలంటారు కదా,
నేను రెండు పట్టి చూశాను.
అతన్ని షాద్‌నగర్ గోడౌన్‌కి పంపేశాను.

మే నెలలో యాకుత్‌పురా పచ్చబడింది.
కొత్తగా వెళ్ళిన నరహరి అప్పటికింకా
ఏ సొరుగులో ఏముందో వెతుక్కుంటున్నాడు.
జూన్ మీటింగులో మా ఎండీ నాకు శాలువా కప్పి
"నిర్ణయమంటే ఇదీ" అన్నాడు.
అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా, కొంచెం.

హైమవతి గారు మాత్రం కొట్టలేదు.
అల్వాల్ నుంచి రెండు బస్సులు మారి వస్తారు,
స్టాకు పద్దులు చూస్తారు, ఎక్కువ మాట్లాడరు.
సాయంత్రం ఒక పాత బిల్లు వెనక
పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకొచ్చారు.
నాలుగేళ్ళ యాకుత్‌పురా, నలభై ఎనిమిది చుక్కలు,
మూత తీసిన మూకుట్లో పేలాల్లా.
నా మార్చీ నా ఏప్రిలూ ఎక్కడున్నాయో
ఆవిడ వేలు పెట్టి చూపిస్తే తప్ప కనబడలేదు.

"నిండుకుండ తొణకదంటారు కదండీ.
కూకట్‌పల్లి షాపు నిండుకుండ, రోజుకి ఆరొందల బిల్లులు.
ఇది చెంబు. నలభై బిల్లులు.
నడుస్తుంటే చెంబు తొణుకుతుంది.
తొణికినప్పుడల్లా మోసేవాణ్ణి మారుస్తామా?"

మరి మెతుకు సంగతి?
"ఒకే కుండా ఒకే మంటా అయితే ఒక్కటి చాలు,
అదీ బాగా కలియబెట్టాక.
మీవి ఇరవైమూడు పొయ్యిలు."

మేలో పెరిగింది కదా, అన్నాను, చివరి ఆశగా.
ఆవిడ నవ్వలేదు.
"అంత కిందికి పోయింది
మళ్ళీ మామూలుకి రాక ఎక్కడికి పోతుందండీ.
కాకి వాలింది, తాటిపండు పడింది.
శాలువా కాకికి కప్పారు."

ఆ రాత్రి హిమాయత్‌నగర్ ట్రాఫిక్‌లో ఆగి
పన్నెండేళ్ళ నా నిర్ణయాలు తిరగేసుకున్నాను.
ఎంతమందిని తిట్టాక పెరిగింది,
ఎంతమందిని మెచ్చుకున్నాక తగ్గింది!
తిట్టే పనిచేస్తుందని నేర్చుకున్నానిన్నాళ్ళూ.
నీకు చదవడం రాదని,
ఎంబీఏ పట్టా ఫ్రేము కట్టించుకున్నవాడికి
ఎవరు చెబుతారు?

ఇప్పుడు ఎరుపు కనబడితే ముందు అడుగుతాను:
ఎన్ని బిల్లులు? మామూలుగా ఎంత ఊగుతుంది?
పచ్చని చూసినా అడుగుతాను.
చింతల్ షాపు ఏనాడూ ఎర్రబడలేదు,
గీత గీసి చూస్తే ఆర్నెల్లుగా
ఇన్సులిన్ ఒక్కటే మెల్లగా జారుతోంది.
ఫ్రిజ్ చెడిపోయిందట. ఎవరూ చెప్పలేదు.
కానీ చాలాసార్లు దొరికేదేమీ ఉండదు.
అప్పుడు ఏమీ చెయ్యకుండా కూర్చోవాలి.
జీతం తీసుకునే మనిషికి
అంత కష్టమైన పని ఇంకోటి లేదు.

కిందటి వారం షాద్‌నగర్ వెళ్ళాను.
ఇఫ్తెఖార్ అట్టపెట్టెల మధ్య కూర్చుని
గడువు తీరిన సిరప్పులు వేరు చేస్తున్నాడు.
తప్పు చేశానన్నాను. చుక్కల కాగితం చేతికిచ్చాను.
చాలాసేపు చూశాడు, తన నలభై ఎనిమిది నెలల్ని.
"హోతా సాబ్" అంటాడేమోనని ఎదురుచూశాను.

అనలేదు.
పెట్టె మీద టేపు బొటనవేలితో గట్టిగా అదిమి
గేటు పాసు మీద సంతకం కావాలన్నాడు.