నవంబరులో మెట్లెక్కే గన్నేరు

మొదటిసారి వెళ్ళినప్పుడు
ఎక్కువ పూలున్న కుండీనే ఎత్తుకొచ్చాను.
జెరేనియం. ఒళ్ళంతా ఎరుపు.
పదకొండో రోజుకి బాల్కనీ నిండా రేకులు,
కుండీలో ఒక గోధుమరంగు కాడ.

రెండోసారి గులికో నన్ను దూరం నుంచే గుర్తుపట్టింది.
"పువ్వు చూసి మొక్క కొనేవాడూ
నవ్వు చూసి అప్పిచ్చేవాడూ ఒకటే మల్ఖాజ్" అని
కుండీని అమాంతం వంచి అడుగు చూపించింది.
చిల్లులోంచి తెల్లటి వేళ్ళు,
మంచం దిగబోయే పసిపిల్ల పాదాల్లా.

"ఇదీ చూడాల్సింది.
విచ్చినది కాదు, విచ్చబోయేది కొను.
ఆకు వెనక్కి తిప్పు, చీడ కాపురం అక్కడే.
మట్టి వాసన చూడు. పులిసిన వాసనొస్తే పెట్టెయ్,
వాన తడిపిన గోడలా ఉంటే తీసుకో."

అంగడంతా వెతికి
ఒక్క పువ్వూ లేని గన్నేరు కొన్నాను.
జానెడు. మూడు ఆకులు. డబ్బులిస్తుంటే
నాకే నవ్వొచ్చింది.

"పాలు చేతికంటితే కడుక్కో. విషం.
నోరులేని వాళ్ళకి ఆ మాత్రం ఉండాలి"
అంది చిల్లర లెక్కపెడుతూ.

తొమ్మిదేళ్ళు.
జున్ను డబ్బాలోంచి నూనె డబ్బాలోకి,
నూనె డబ్బాలోంచి
బట్టలుడికించే పాత రేకు తొట్టిలోకి.
అడుగున చిల్లులు పెట్టి పెంకులు పరిచి
ఇసుకా, ఆకుల ఎరువూ, ఎర్రమట్టీ కలిపాను.
ఇప్పుడు దాని తల రెండో అంతస్తు కటకటాలకి తగులుతుంది.
జూన్‌లో గులాబిరంగు గుత్తులు వేస్తే
సోలోలాకి వీధిలో పోయేవాళ్ళు
మా వాకిట్లోకి తొంగిచూసి, ఏం చెప్పాలో తోచక
దారి అడిగి వెళ్తారు.

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి.
టిబిలిసిలో నేను విప్పని మోటారు లేదు.
మా ఇంటికి మాత్రం లిఫ్టు లేదు.

మంచు పడకముందే గన్నేరు మెట్లగదికి ఎక్కాలి.
నలుగురు కావాలి.
వాజాకీ ఒతారికీ ఆరేళ్ళుగా మాటల్లేవు,
వాకిట్లో కుళాయి బిల్లు దగ్గర చెడింది.
అయినా నవంబరు మొదటి ఆదివారం
పిలవకుండానే ఇద్దరూ చేతులు మడుచుకుని వస్తారు.
"ఎడమకి."
"ఆగు."
"నీ వేలు, వేలు చూసుకో!"
ఏడాదికి సరిపడా మాటలు అవే.
జుజూనా పైనుంచి లాంతరు పట్టుకుని
కొమ్మలకి బదులు మమ్మల్ని తిడుతుంది.

ఈసారి ఒతారి నడుం పట్టేసింది.
"మోకాలి ఎత్తుకి నరికెయ్" అంది గులికో,
"చిగురిస్తుంది. మీ ఇద్దరే మోసుకోవచ్చు."
నిజమే. గన్నేరు దేన్నైనా క్షమిస్తుంది.
రంపం తెచ్చాను. కింద కూర్చున్నాను.
కాండం మీద, తొట్టి అంచు ఒరుసుకుపోయిన చోట
తొమ్మిదేళ్ళ మెట్ల గీతలున్నాయి.
లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.
రంపం లోపల పెట్టి వచ్చాను.

ఆదివారం మూడో మనిషి చాల్లేదు.
జుజూనా లాంతరు ఒతారి చేతికిచ్చి
పైట నడుముకి చుట్టినట్టు శాలువా బిగించి
నాలుగో మూల పట్టుకుంది.
పైనుంచి ఒతారి: "వాజా, ఎడమకి."
పేరు పెట్టి.
వాజా కుడికి లాగాడు. తొట్టి గోడకి తగిలింది,
సున్నం రాలింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడది కిటికీ పక్కన ఉంది.
చలికాలం పది రోజులకొక గ్లాసు నీళ్ళు చాలు.
కానీ ఎప్పుడు వేలు పెట్టి చూసినా మట్టి తడిగానే ఉంటోంది.
నేను పోయలేదు.
వేళ్ళు కుళ్ళితే తొమ్మిదేళ్ళూ పోతాయి.
అందుకే తొట్టికి కాగితం అంటించాను:
"సోమవారాలు మాత్రమే. ఒక్క గ్లాసు."

మర్నాటికి దాని కింద
పెన్సిల్‌తో, వంకర అక్షరాల్లో ఎవరో రాశారు:
"ఎవరింటి గ్లాసు?"