నాలుగో సెకను

నేను నోరు తెరవకముందే కండక్టరు అన్నాడు,
"కొండకేనా అక్కా?"
"కాదు నాయనా, ఆటకు."
టికెట్టు ఇస్తా నా చేతులు చూసినాడు.
గోళ్ళ సందుల్లో పసుపు.
పండగ పసుపు కాదు అది,
తోతాపురి రసం. జూన్ నెలంతా వదలదు.

చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలో
బెల్టు కాడ మూడో మనిషిని నేను.
కాయ వస్తాది, పోతాది.
మాగిందా, పచ్చిదా, కుళ్ళిందా
ఊపిరి తీసేలోపల చెప్పాల,
నోటితో కాదు, మణికట్టుతో.

తిరపతిలో ఆ హాలు లోపలంతా చలి.
కొంగు నిండా కప్పుకోని కూసున్నాను.
నేల అద్దం మాదిరి ఉండాది.
పైన ఆరు దేశాల జెండాలు.
కత్తి పట్టిన సింహం మాదని
పక్కనుండే ఆమె అరవంలో చెప్పింది.
పేరు తవమణి. వాళ్ళ గోలు కాసే పిల్లకు చిన్నమ్మ.
మా గుడిపాల సగం అరవం ఊరే కదా, మాట కలిసింది.
ఆమె అరవానికి మాత్రం ఉప్పుగాలి తగిలినట్టు
వేరే రుచి.
నేను మామిడి తాండ్ర ఇచ్చినాను,
ఆమె తాటిబెల్లం ముక్క ఇచ్చింది.
పిల్లలు ఎదురెదురు. మేము పక్కపక్క.

నిజం చెప్పాలంటే ఆ ఆట చూస్తే నాకు కోపమొచ్చింది.
బంతి చేతికొచ్చినాక నడవకూడదంట!
దొరికినదాకా పరిగెత్తి,
దొరికినాక కాళ్ళు కట్టేసుకోవాల.
మూడు సెకన్లలో ఇంకొకరికి ఇచ్చేయాల.
అడ్డమొచ్చే పిల్ల కూడా మూడడుగుల దూరాన నిలబడి
చేతులెత్తాల్సిందే గాని తాకరాదు.
రింగు వెనక పలక లేదు.
గురి తప్పితే తిరిగి కొట్టిచ్చే గోడ లేదు.

మా మునిరేఖ మూడు క్వార్టర్లూ బెంచీ మీదే.
దాని మోకాళ్ళు మాత్రం ఆడతానే ఉండాయి.

నాలుగో దాంట్లో ఎవురో పిల్లకు మడమ తిరిగింది.
ఆ పిల్ల ఎద మీద అక్షరాల గుడ్డను
సర్రుమని ఊడదీసి మా పిల్లకు తగిలించినారు.
నాకు ఇంగ్లీషు రాదు.
మొదటిది రెండు లోయల అక్షరం,
రెండోది సగం చపాతీ.
ఎవురు తగిలించుకుంటే వాళ్ళదే ఆ చోటు.
నా ఏప్రను ముప్పైయొకటో నంబరూ అంతే,
షిఫ్టు మారితే, చెమట ఆరకముందే
కాంతమ్మ నడుముకు పోతాది.

ముప్పైతొమ్మిదికి ముప్పైతొమ్మిది.
బంతి మా పిల్ల చేతికొచ్చింది.
ఒకటి.
అది రింగు దిక్కు చూడలేదు.
రెండు.
వరసలన్నీ ఎతుకుతా ఉండాది.
నేను లేచి నిలబడినాను.
నిలబడకుండా ఉండాల్సింది.
మూడు.
ఈల.

బంతి అవతలోళ్ళకు పోయింది.
మూడు చేతులు మారి రింగులో దిగింది.
తవమణి కేక పెట్టబోయి, నోరు చేత్తో మూసుకునింది.
ఆ రెండో చెయ్యి నా మోకాలి మీద పెట్టింది.
తీయలేదు, హాలు ఖాళీ అయ్యేదాకా.

గేటు కాడికి దాన్ని పది నిమిషాలు పంపినారు.
"మూడు సెకన్లేనమ్మా," అనింది, ఏడుపు మింగతా.
ఓదార్చడం నాకు చేతకాదు. తెలిసిందే చెప్పినాను.
"మూడు సెకన్లంటే చానా టైమే మేయ్.
అంతసేపు ఒక కాయను పట్టుకోని కూసుంటే
మా సూపర్‌వైజరు జీతం కోస్తాడు."
నవ్వింది. ముక్కు తుడుచుకునింది.
నా చెయ్యి లాక్కోని, గోళ్ళు వాసన చూసింది
చిన్నప్పటి మాదిరి.
ఒకటి, రెండు, మూడు,
నాలుగు...
వదల్లేదు.
ఆడ ఈల ఊదేవాళ్ళు ఎవురూ లేరు.

రేపు మలేషియాతో ఉండాదంట.
నాకు ఆరు గంటల షిఫ్టు.
కాంతమ్మ ఫోనులో చూడాల, ఏమవుతాదో.