బాలానగర్, మూడో షెడ్డు

బ్యాంకు ఫారంలో ఆస్తుల గడి:
లేత్ మిషన్లు రెండు, డ్రిల్లు ఒకటి,
ఈఎంఐ తీరని కంప్రెషర్.
రాసి, పెన్ను ఆపింది సువర్చల.

షెడ్డు మూలన జహంగీర్ చాచా
ఇత్తడి బుష్ తిప్పుతూ తల వంచాడు.
చప్పుడు మారితే చాలు,
"ఆపు బిడ్డా, వెంట్రుకంత ఎక్కువైంది" అంటాడు.
మైక్రోమీటర్ తర్వాత వచ్చి అవునంటుంది.

ఆ చెవిని ఏ గడిలో రాయాలి?

జీడిమెట్ల వాళ్ల బోల్టుల ఆర్డరు
లక్ష ముక్కలు, ఎవరైనా చేస్తారు;
వద్దని ఫోన్ పెట్టేసింది.
వాల్వుల వాళ్లకు మాత్రం సరేనంది.

కంటి ఆపరేషన్‌కి చాచా వారం సెలవడిగాడు.
కొత్త కుర్రాడు భూమేష్ చేతికి
రెండొందల పేజీల నోటుబుక్కు.
మొదటి పేజీలో వాడు రాసుకున్నది ఒక్కటే:
"మంచిగ కోస్తుంటే
నూనెల జీలకర్ర ఏసినట్టు వినబడాలె."