ఆరో గడి

మామూలు బడి రిజిస్టర్లో
పిల్లాడికి రెండే బతుకులు:
వస్తే హా, రాకపోతే గై.
మా ఓపెన్ స్కూల్ సెంటరు రిజిస్టరు
కాస్త కనికరం గలది.
దానికి ఆరో గడి ఉంది.
"సంప్రదింపు: తేదీ, విధం, నిమిషాలు."

నిబంధన ఏమంటుందంటే,
పిల్లాడు రాకపోయినా సరే,
వారానికొకసారి మాట తగలాలి.
మాటంటే రెండు వైపులా.
పంపిన మెసేజికి నీలి టిక్కులు పడితే చాలదు.
"ఇంట్లో లేడమ్మా" అని తల్లి చెబితే చాలదు.
చదువు గురించి, వాడి గొంతుతోనే.
మూడు వారాలు ఆ గడి ఖాళీగా ఉంటే
పేరు మీద ఎర్ర సిరా.

ఫిషింగ్ హార్బరు వెనక పాత మున్సిపల్ బడిలో
రెండు గదులు మావి.
కిటికీ తెరిస్తే ఐసు మిల్లు రొద,
మూస్తే ఎండు చేపల వాసన మాతోనే కూర్చుంటుంది.

సూరాడ ముత్యాలు తెల్లారి మూడింటికి రొయ్యల షెడ్డులో.
నేను దాన్ని సంప్రదించేది అక్కడే.
తలలు తుంచుతూ భిన్నాలు అప్పజెబుతుంది:
"కిలోలో మూడో వంతు తలకే పోద్ది టీచరమ్మా.
కూలి మిగిలిన దానికే కడతారు."
విధం: ముఖాముఖి. నిమిషాలు: పదకొండు.
(నా చీర కుచ్చిళ్ళు మాత్రం
రెండు ఉతుకుల దాకా ఆ పాఠం మర్చిపోవు.)

మైలపల్లి ఎల్లాజీ సంగతి వేరు.
పదిహేడేళ్ళు, లెక్కల్లో రెండుసార్లు తప్పాడు.
బోటెక్కితే పద్నాలుగు రోజులు.
యారాడ కొండ వెనకబడ్డాక ఫోన్లో
రెండు గీతలు, ఒక గీత,
ఆపైన గీతల్లేని నీళ్ళు.
ఒక వేట నుంచి దిగకుండానే ఇంకో వేటకి పోయాడు.
మొదటి వారం ఖాళీ. రెండోది ఖాళీ.
మూడో వారం శుక్రవారం
సూపర్వైజరు కామేశంగారు వస్తారని కబురు.

గురువారం రాత్రి, జెట్టీ మీద ఓనరు గదిలో
చోడిపల్లి దానయ్య వైర్‌లెస్ చేతికిచ్చాడు.
"నొక్కి మాటాడండి, ఒగ్గేసి ఇనండి."
ఇరవై రెండేళ్ళ సర్వీసులో
పాఠం చెప్పడం గురించి ఇంత పొట్టి శిక్షణ
నాకెవరూ ఇవ్వలేదు.

"ఎల్లాజీ, లంబకోణ త్రిభుజం గుర్తుందా? ఓవర్."
గరగర.
గరగరలో గాలి, ఇంజను, ఎవరిదో దగ్గు.
భీమిలికి ఎదురుగా, నేల కనపడని చోట నుంచి వాడు:
"లంగరు తాడు యాభై బారలు, లోతు నలభై.
అంటే బోటు ముప్పై బారలు పక్కకి జరిగిపోనాది.
రైటేనా అమ్మా? ఓవర్."
రైటే అందామని నొక్కబోయేలోగా
ఇంకేదో బోటు నుంచి ముసలి గొంతు:
"మరి నానేటి సదవకూడదా, ఓవర్?"
ఆ చానల్లో పంతొమ్మిది బోట్లు వింటున్నాయట.

శుక్రవారం కామేశంగారు కళ్ళజోడు పైకెత్తారు.
"విధాలు మూడేనమ్మా: ముఖాముఖి, ఫోను, ఉత్తరం.
ఈ వైర్‌లెస్ ఎక్కడిది?"
"హార్బరుది సార్."
నవ్వలేదాయన. ఎర్ర పెన్నూ తియ్యలేదు.
పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టి
టీ తాగకుండానే వెళ్ళిపోయారు.

ఏప్రిల్ పదిహేను. వేట నిషేధం.
బోట్లన్నీ ఒకదానికొకటి కట్టుకుని నిలబడ్డాయి.
అరవై ఒక్క రోజులు
మా పిల్లలందరికీ పగలంతా ఖాళీ.
వారం తిరగ్గానే సర్క్యులర్:
వేసవి సెలవులు, సెంటర్లు మూసివేయాలి,
ఈ కాలపు సంప్రదింపులు లెక్కలోకి రావు.

రిజిస్టరు బీరువాలో. తాళం హెడ్‌మాస్టరు దగ్గర.
గదుల తాళం మాత్రం వాచ్‌మన్ నూకాలు దగ్గర,
వాళ్ళమ్మాయి కూడా మా సెంటరే.
పొద్దున్న తొమ్మిదింటికి వెళితే ఇరవై ఆరుగురు,
వరండా మెట్ల మీద జోళ్ళు చాలక
ఇసకలో వరస.

పేర్లు పిలవలేదు.
బోర్డు మీద త్రిభుజం గీసి
అడ్డం ఎంత అని అడిగాను.
వెనక బెంచీలోంచి ఎల్లాజీ లేచి
జవాబు చెప్పి, కూర్చోబోతూ,
అలవాటుగా
"ఓవర్" అన్నాడు.