గుండీల కొట్టులో ముప్పై అయిదో ఫ్రేము

రీలుకు ముప్పై ఆరు.
అంతకు మించి చూడకూడదని
నాకు నేనే పెట్టుకున్న పథ్యం.

సిబియులో ఇళ్ళ కప్పులకు కళ్ళుంటాయి,
పెంకుల మధ్య సగం వాల్చిన రెప్పలతో.
మధ్యాహ్నమంతా వాటి కింద తిరిగాను.
నేను వాటిని పడుతున్నానో
అవే నన్ను పట్టేశాయో తేలలేదు.
నాలుగు ఫ్రేములు.
నాలుగింట్లోనూ మనిషన్నవాడు లేడు.

అది నా పద్ధతి.
గెంట్‌లో వంతెన మీద గంటన్నర నిలబడ్డాను
ఒక ఎర్ర గొడుగు కదిలిపోయేదాకా.
ఓలోమోత్స్‌లో తెల్లారకముందే వెళ్ళి
రొట్టెల ట్రేలు దించుతున్న కుర్రాణ్ణి
పక్కకి జరగమని చేత్తో సైగ చేశాను.
జరిగాడు పాపం,
ఊరు వాడిదే అయినా.

వందల ఏళ్ళ గోడలు చూడ్డానికొచ్చి
వాటికి ఆనుకున్న వీపుల్ని
ఒక్కొక్కటే తుడుచుకుంటూ వచ్చాను.

పస్సావులో వాన.
మూడు నదులు కలిసే మొన దగ్గర
ఒకటి నలుపు, ఒకటి పాచి రంగు,
మూడోదాన్ని ఊరివాళ్ళు నీలమంటారు గానీ
నా కంటికి బియ్యం కడిగిన నీళ్ళే.
టౌన్‌హాలు గోడ మీద వరద గీతలు,
గీత పక్కన సంవత్సరం.
మెడ నొప్పెట్టేంత ఎత్తులో రెండువేల పదమూడు.
లెన్సు తుడుచుకుని
గోడ ఖాళీ అవ్వడం కోసం కాచుకుంటే
ఒకావిడ వచ్చి ఫ్రేములో నిలబడింది.
చేతిసంచిలోంచి ఉల్లికాడలు.
కదల్లేదు.

"ఈ గోడదేముంది, అందరూ తీస్తారు.
మా కొట్లోది తియ్యి. రేపు గీకేస్తున్నారు."
సగం ఇంగ్లీషులో, సగం చూపుడువేలితో.

పేరు వాల్బుర్గా. గుండీల కొట్టు.
గోడంతా సొరుగులు, ప్రతి సొరుగు ముఖానా
మచ్చుకి కుట్టిన ఒక గుండీ:
కొమ్ముది, ఇత్తడిది, ముత్యపుచిప్పది,
ఏ రైల్వే కోటుదో, రెక్కలున్న చక్రంతో.
కింది మూడు వరసలూ ఉబ్బిపోయి ఉన్నాయి.
తెరుచుకోవు. తెరవదు కూడా.

వెనకగదిలో గుమ్మం పక్కన పెన్సిలు గీతలు.
కోర్బీనియన్, నాలుగు.
కోర్బీనియన్, ఆరు.
ఎనిమిది.
వాటికి పైన, నా కనుబొమల ఎత్తున,
ఎవరూ గీయని గోధుమరంగు గీత
గది నాలుగు గోడలూ చుట్టి వచ్చింది.

"ఆ జూన్‌కి మనవడికి తొమ్మిది.
గీత పెడదామంటే గోడ ఆరలేదు.
ఆరేసరికి వాళ్ళమ్మ వాణ్ణి తీసుకుని
లింజ్ వెళ్ళిపోయింది."
నది వెళ్ళే వైపే.
"ఇన్నేళ్ళూ గోడ ముట్టుకోనివ్వలేదు నేను.
ఇంక బూజుకి దగ్గొస్తోంది."

వెలుతురు చాలదు. స్టాండు లేదు.
సెకనులో పదిహేనో వంతు.
ఊపిరి బిగబట్టి,
నొక్కబోతూ, అలవాటు కొద్దీ చెయ్యెత్తాను
ఆవిణ్ణి పక్కకి జరగమని.
సగంలో దించేశాను.

రీలు కడిగితే
పెన్సిలు గీతలు ఒక్కటీ పడలేదు.
వరద గీత కూడా
పడీపడనట్టు ఒక మరక.
పడింది ఆవిడ వేలు:
కీలు దగ్గర వాపు, గోటి సందున సుద్ద,
గోడకి ఇంచు దూరంలో
అక్కడొక పిల్లాడి నడినెత్తి ఉన్నట్టు
తాకకుండా ఆగి.

ప్రింటు పంపాను.
సరిగ్గా రాలేదని ఉత్తరం రాయబోయి
మానేశాను.

ముప్పై ఆరోది తీసింది నేను కాదు.
చెప్పులు విప్పించి, మడమలు ఆనించమని,
నా తల మీద గుండీల డబ్బా మూత అడ్డంగా పెట్టి
ఆవిడ గీత గీసింది.
వరద కంటే బెత్తెడు పైన.
పేరడిగి రాసుకుంది, తప్పులతో.
తర్వాత కెమెరా లాక్కుని
ఎక్కడ నొక్కాలో అడక్కుండానే నొక్కింది.

అందులో నాకు తల లేదు.
వీపు మాత్రం గోడకి ఆని ఉంది.
మర్నాడు గీకేసే ఉంటారు.